డియర్ రవీ, ఇంతకీ నువ్వెవరు?

ఇంగ్లీషు పరీక్షలో మన పిల్లలకు ఉన్నంతమంది స్నేహితులు బయట ఎవరికీ ఉండరు. ఢిల్లీలో ఒకడు, ముంబైలో ఒకడు. ఒకడు ఫస్టు క్లాసులో పాసయ్యాడు, అభినందించాలి. ఇంకొకడికి ఒంట్లో బాగాలేదు, ధైర్యం చెప్పాలి. మరొకడు అక్క పెళ్ళికి రావాలి, పిలవాలి. వీళ్ళలో ఒక్కడూ ఏనాడూ జవాబు రాసిన పాపాన పోలేదు. అయినా మన పిల్లలు అలగరు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ‘డియర్ రవి’ అని మొదలుపెడతారు.

పురానాపూల్ దగ్గర ఒక సందులో సాయంత్రం పూట ట్యూషన్ చెబుతుంటాను కాబట్టి ఈ రవితో నాకు పాత పరిచయం. నేను నెరిసిపోయాను గానీ వాడు ఇంకా పదో తరగతే. సెలవులకు ఎక్కడికైనా వెళ్ళడం, వెళ్ళినవాళ్ళ దగ్గర నుంచి ఉత్తరాలు అందుకోవడం తప్ప వాడికి వేరే పనేమీ లేదు.

వాడికి రాసేవాడి సంగతి మరీ విచిత్రం. పదో తరగతి పరీక్షలో జవాబు పత్రం మీద సొంత పేరు, బడి పేరు బయటపడకూడదు. అందుకని పైన ఊరి పేరు ఉండాల్సిన చోట వరసగా ఎక్స్‌లు, కింద సంతకం ఉండాల్సిన చోట మళ్ళీ ఎక్స్‌లు. నడుమ మాత్రం ‘యువర్ లవింగ్ ఫ్రెండ్’. పేరూ ఊరూ లేకుండా ఇంత ప్రేమగా ఉత్తరం రాస్తే మా వీధిలో పోలీసులకు పట్టిస్తారు. పరీక్షలో మార్కులిస్తారు.

ఉత్తరం లోపల ఏముండాలో గైడు ముందే తేల్చేసింది. మొదట ‘ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యూ ఆర్ ఆల్సో ఫైన్ దేర్’. జ్వరంతో మూలుగుతూ పరీక్షకు వచ్చినవాడు కూడా ఇదే రాస్తాడు. చివర ‘కన్వే మై రిగార్డ్స్ టు యువర్ పేరెంట్స్’. ఓసారి ఒక పాప చెయ్యెత్తింది.

“సార్, రవివాళ్ళ నాయిన చనిపోయిండని నిన్ననే కద సంతాపం లెటర్ రాసినం. ఇయ్యాల మళ్ల పేరెంట్స్‌కు రిగార్డ్స్ ఎట్ల చెప్తం?”

“ఆ రవి వేరమ్మా, ఈ రవి వేరు” అన్నాను. పాప ఊరట చెంది, బతికున్న నాయినకు రిగార్డ్స్ చెప్పింది.

‘నువ్వు చూసిన చారిత్రక ప్రదేశం గురించి మిత్రుడికి రాయి’ అన్న ప్రశ్న వస్తే మా పిల్లలందరూ తాజ్‌మహల్ ఎక్కి కూర్చుంటారు. ఆగ్రా ఎటువైపో వాళ్ళకు తెలియదు. కిటికీలోంచి చూస్తే కనబడేది 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ వంతెన. 600 అడుగుల పొడవు, 22 కమాన్లు, చార్మినార్ కంటే 13 ఏళ్ళు పెద్దది. 1908 మూసీ వరదలో దెబ్బతిన్నా నిలిచింది. టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి దీన్ని చూసి, అందంలో పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు ఏమంత తీసిపోదని రాసుకున్నాడు. ఆ పారిస్ వంతెనకు పునాది పడింది కూడా 1578లోనే. దీని గురించి రాయండ్రా అంటే, “రోజూ చూసేదాని గురించి ఏం రాస్తం సార్” అన్నారు.

సరే, కథ చెబితే కలం కదులుతుందని భాగమతి కథ ఎత్తుకున్నాను. రాజకుమారుడు మహమ్మద్ కులీ ప్రియురాలి కోసం వరదలో ఉన్న మూసీలోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణం మీద బెంగతో తండ్రి ఈ వంతెన కట్టించాడనీ చెప్పుకుంటారు. ఇది చరిత్రకు నిలవదని కూడా చెప్పాను, ఎందుకంటే 1578 నాటికి ఆ రాజకుమారుడికి పదమూడేళ్ళు మించవు. వెనక బెంచీ నుంచి వెంటనే తీర్పు వచ్చింది. “పదమూడేండ్లా! మాకంటే చిన్నోడు సార్. ఇంట్ల తెలిస్తే వంతెన కడ్తరా? కాళ్లిరగ్గొడ్తరు గని!”

రవి పదో తరగతితో వదులుతాడనుకుంటాం. వదలడు. కెనడా వెళ్ళాలనుకుంటే మళ్ళీ ఎదురొస్తాడు. మా సందు చివర ఏసీలు బాగుచేసే కుర్రాడు ఒకరోజు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష పుస్తకం పట్టుకుని వచ్చాడు. జనరల్ ట్రైనింగ్ పరీక్ష. రైటింగ్‌లో మొదటి ప్రశ్నే ఉత్తరం. 20 నిమిషాల్లో కనీసం 150 పదాలు. అడ్రసు రాయనక్కర్లేదని ప్రశ్నలోనే ఉంటుంది. చెప్పాల్సిన సంగతులు మూడు వాళ్ళే ఇస్తారు, మూడింటినీ ముట్టుకోవాలి. స్నేహితుడికైతే స్నేహంగా, మేనేజరుకైతే మర్యాదగా రాయాలి. ధోరణి తప్పితే మార్కులు తెగుతాయి.

ఫీజు పదిహేను వేలు ఎప్పుడో దాటింది. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవరు 2.50 రూపాయలు, పోస్టుకార్డు 50 పైసలు. ఇంత ఖరీదు పెట్టి రాసీ ఎవరికీ చేరని ఉత్తరం ఇదొక్కటే.

మొదటి అభ్యాసం: మిత్రుడి కెమెరా అడిగి తెచ్చుకున్నారు, మీ చేతిలో పాడైంది, ఉత్తరం రాయండి.

“కెమెరా ఖరాబైతే లెటర్ ఎవడు రాస్తడు సార్? ఫోన్ స్విచ్ఛాఫ్ చేస్తం గని.”

రెండోది: ఇంగ్లీషు మాట్లాడే మిత్రుడు మీ ప్రాంతానికి సెలవులకు వస్తానంటున్నాడు, మీ ప్రాంతం గురించి చెప్పండి. మావాడు గైడు తలచుకుని ‘మా ప్రాంతం ప్రశాంతమైనది, చుట్టూ పచ్చదనమే’ అని రాశాడు. పచ్చదనం అబద్ధమని అనలేను. వంతెన మీద కూరగాయల బజారులో కొత్తిమీర కట్టలూ, పాలకూర కుప్పలూ ఉన్నాయి. ప్రశాంతత మాటే ఎక్కడ వెతికినా దొరకలేదు. ఆపైన మిత్రుణ్ణి ‘రెస్పెక్టెడ్ సర్’ అన్నాడు, ‘ఐ బెగ్ టు స్టేట్’ అన్నాడు.

“జియాగూడలో ఉండే నీ దోస్తుతో ఎట్లా మాట్లాడతావో అట్లా రాయి” అన్నాను. కాసేపటికి కాగితం ఇచ్చాడు. అందులో ఉన్నది ఇంతే: ‘ఎక్కడున్నవ్? వస్తున్న. ఆగు.’ మూడు వాక్యాలు. అందులో రెండోది అబద్ధం, ఎందుకంటే మా పాతబస్తీలో ‘వస్తున్న’ అనేవాడు ఇంకా స్నానానికే లేవడు. తక్కిన పదాలు ఎక్కడి నుంచి తేవాలి? నిజమైన స్నేహం ముదిరేకొద్దీ మాటలు తగ్గిపోతాయి. ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలిశాక చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? పరీక్ష అడిగేది సరిగ్గా దీనికి తలకిందులు. స్నేహం ఉండాలి, అన్నీ మొదటి నుంచీ వివరించాలి, పదాల లెక్క కూడా తేలాలి.

అప్పుడు గల్ఫ్ గుర్తొచ్చింది. ఫోను ఇంటింటికీ రాని రోజుల్లో పాతబస్తీ నుంచి దమ్మామ్, జెద్దా వెళ్ళినవాళ్ళకు ఇళ్ళ నుంచి ఉత్తరాలు వెళ్ళేవి, రాయడం రానివాళ్ళు క్యాసెట్టులో మాటలు నింపి పంపేవాళ్ళు. చిన్నమ్మికి పన్ను ఊడిందని, వానకు వెనకగది కురుస్తోందని, మేకమాంసం ధర మండిపోతోందని, అన్నీ ఉండేవి. ఎదుట లేనివాడికి ఇల్లు కనబడేలా చెప్పాలి కదా!

“నీ జియాగూడ దోస్తు దమ్మామ్ పోయి ఏండ్లయింది అనుకో. ఇక్కడ ఏం జరుగుతోందని అడిగిండు” అన్నాను.

కుర్రాడు తల వంచితే మళ్ళీ ఎత్తలేదు. ధూల్‌పేట పతంగుల దగ్గర గొడవ వచ్చింది, వంతెన మీద టమాటా ధర వచ్చింది, పురానాపూల్ దర్వాజా దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్న పెళ్ళి బరాత్ వచ్చింది. ఆ బరాత్‌లో గుర్రం ఒకటే బుద్ధిగా నిలబడిందట. ‘డోంట్’, ‘కాంట్’ అని స్నేహితుడితో వాడాల్సిన ముక్కలు వాటంతటవే పడ్డాయి. 150 దాటి 200 దాటింది. “సార్, ఆపాల్నా?” అని అడిగాడు. స్నేహితుడికి రాసే ఉత్తరంలో ఆ ప్రశ్న వినడం నాకదే మొదటిసారి.

వాడికి కావలసిన బ్యాండు స్కోరు వచ్చింది. ఇప్పుడు కెనడాలో ఉన్నాడు. మరి అక్కడి నుంచి ఉత్తరాలు రాస్తాడా? రాయడు. అర్ధరాత్రి వాయిస్ మెసేజ్ పెడతాడు. “సార్, చలి. ఉంట మరి.”

ఈమధ్య పిల్లలకు కొత్త పాఠం చెబుతున్నాను. రవి మీ ఉత్తరం చదవడు. చదివే తీరిక వాడికి లేదు, అసలు వాడే లేడు. ఈ రోజుల్లో మీరు రాసిన ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, తప్పులు సహించి, పైగా ఏదో ఒకటి ఇచ్చి పంపే మనిషి ఎగ్జామినరు ఒక్కరే. కాబట్టి పైన ఎవరి పేరు రాసినా సరే, రిగార్డ్స్ మాత్రం ఆయన తల్లిదండ్రులకు చెప్పండి.