బొగ్గు పోలేదు, మనుషులు పోయారు

వెస్ట్ వర్జీనియా పేరెత్తితే చాలు, 'అక్కడేముందండీ?' అంటారు మనవాళ్ల పిల్లలు. ఇంటర్‌స్టేట్ హైవే ఆ రాష్ట్రంలోని మా మెక్‌డోవెల్ కౌంటీలో అడుగుపెట్టదు కాబట్టి వాళ్లకి కనపడదు. పొగ తక్కువ, వేడి ఎక్కువ ఉండే పోకహాంటస్ బొగ్గు ఇక్కడిదే నాయనా. దాన్ని కోకు చేసి కాల్చబట్టే ఈ దేశంలో ఉక్కు కరిగింది.

1965 వలస చట్టం తర్వాత వచ్చిన మన డాక్టర్లలో చాలామందికి ఉద్యోగాలిచ్చినవి ఇలాంటి కొండ ఊళ్లే. నేను డెబ్భైల్లో వచ్చాను. చమురు ధర మండిపోతూ బొగ్గుకి గిరాకీ ఉన్న రోజులు. ఒక ఇంట్లో తాతకీ, తండ్రికీ, కొడుక్కీ నేనే డాక్టర్ని. ఎవరు ఏ గనిలో దిగుతారో కాగితం చూడకుండా చెప్పేవాణ్ణి. అప్పటికే ముసలివాళ్లు కౌంటీ కేంద్రమైన వెల్చ్ గురించి 'ఈ ఊరు మా కాలంలో చూడాల్సింది డాక్టరుగారూ' అని సణిగేవాళ్లు. నిజమే, 1950లో కౌంటీ జనాభా 98,887. 2020 లెక్కల్లో 19,111.

జనం సోమరులై చెడిపోయారనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యాభైల్లో గనుల్లోకి, ఆగకుండా బొగ్గు తవ్వే కంటిన్యువస్ మైనర్ యంత్రాలు దిగాయి. బొగ్గు పోలేదు, పని పోయింది. ఆ పదేళ్లలోనే 27 వేలమందికి పైగా తగ్గారు. 1961లో కెనడీ ప్రభుత్వం ఫుడ్ స్టాంపులు మొదలుపెడితే తొలి కూపన్లు అందుకున్నది ఈ కౌంటీ కుటుంబమే. తన ఛైర్మన్ పేరు మీద ఇక్కడ గ్యారీ ఊరు కట్టుకున్న యూఎస్ స్టీల్ కూడా ఎనభైల్లో గనులు మూసేసి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా 2001లో ఒక వరద, ఏడాది తిరక్కుండా ఇంకోటి. ఈ కౌంటీలోనే కింబాల్‌లో పెట్టిన వాల్‌మార్ట్‌ని 2016లో మూసేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఊపిరితిత్తులు ఒక ఎత్తు. మా రోజుల్లో, గని ధూళి పీల్చడం వల్ల వచ్చే బ్లాక్ లంగ్ అంటే ముసలివాళ్ల జబ్బు. 1969 చట్టంతో గని ధూళికి హద్దులు పెట్టారు, కేసులు తగ్గుతూ వచ్చాయి. ఇక ఈ జబ్బు పుస్తకాల్లోనే ఉంటుందని నమ్మాం. ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లకే, అదీ ముదిరిన రూపంలో వస్తోంది. మందమైన బొగ్గు పొరలు చాలావరకు అయిపోయాయి. పలుచటి పొర కోసం చుట్టూ ఉన్న రాతినీ కోస్తున్నారు, ఆ రాతిలోని సిలికా ధూళి రొమ్ములోకి పోతోంది. బొగ్గు ధూళి కన్నా అదెంతో ప్రమాదం. కారణం తెలుసు, నివారణ తెలుసు. సిలికా హద్దుని సగానికి తగ్గిస్తూ 2024లో నియమం తెచ్చారు కూడా. 2025 ఏప్రిల్లో బొగ్గు గనుల్లో అమలు కావాల్సింది, కోర్టులో ఆపించారు. వాయిదా అడిగిన పెద్దమనుషులెవరూ షిఫ్టుకి దిగరు కదా!