అవుట్‌పుట్ బావగారు

మాఘ పౌర్ణమికి హంసలదీవి వచ్చినవాళ్ళంతా సంగమంలో మునగడానికి తొందరపడుతుంటే, అవుట్‌పుట్ బావగారు మాత్రం జనంలో బీటెక్ కుర్రాళ్ళ కోసం వెతుకుతుంటారు. తొంభైల్లో టర్బో సీ నేర్చిన మనిషి. ఒక్కోసారి అంతదాకా ఆగలేక కోడూరు ఆటోలోనే మొదలుపెట్టేస్తారు.

"ఒరే అల్లుడూ, ఐ విలువ 5. ప్రింట్‌ఎఫ్‌లో ముందు ఐ ప్లస్ ప్లస్, ఆ తర్వాత ప్లస్ ప్లస్ ఐ. అవుట్‌పుట్ ఎంత?"

కుర్రాడు ఎడమ నుంచి లెక్కగట్టి "5, 7" అంటాడు. బావగారి మొహం వెలిగిపోతుంది.

"6, 6! సీలో ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే!"



టర్బో సీ వరకూ ఆయన మాట నిజమే. అది ఆర్గ్యుమెంట్లను కుడి చివర నుంచి లెక్కగట్టి స్టాక్‌లోకి నెట్టేది. అందుకే ముందు కుడివైపు ఐ 6 అయింది. ఎడమవైపుకీ ఆ 6 ఇచ్చాకే మళ్ళీ పెరిగింది. కాలేజీ ల్యాబులో ఒక కంపైలర్ చేసిన పనిని బావగారు బ్రహ్మరాత అనుకున్నారు. 1989లో సీకి ప్రమాణం రాసినవాళ్ళు ఏ ఆర్గ్యుమెంటు ముందు లెక్కగట్టాలో చెప్పలేదు, కంపైలర్ ఇష్టానికి వదిలేశారు. పైగా ఇలా ఒకే ఐని రెండు చోట్లా మారిస్తే ఏమొచ్చినా అడగొద్దన్నారు. జావా మాత్రం ఎడమ నుంచే అని రాసిచ్చేసింది. బావగారు జావాని లెక్కచెయ్యరు, నిన్నగాక మొన్న వచ్చిందట.

మొన్న వేణుగోపాలస్వామి గుడి దగ్గర ఆయనకి మా అమ్మాయి దొరికింది.

"దీనికి జవాబు లేదు మావయ్యా."

"జవాబు లేని ప్రశ్న నేనడుగుతానా?"

"మీ జేబులో ఉన్నది ఒక్క యాభై నోటు. ఎడం చేతికి పీచుమిఠాయి, కుడి చేతికి కొబ్బరికాయ కావాలన్నారు. ఏ చేతికి ఏదో చెప్పారు గానీ, ముందు ఏది కొనాలో చెప్పలేదు. దేని డబ్బు దానికి ఉంటే ఏది ముందు కొన్నా ఒకటే. నోటు ఒక్కటే అయ్యేసరికి, వెనకబడ్డదానికి మిగిలేది చిల్లరే."

బావగారు గడ్డం గోక్కుంటుంటే మా అక్కయ్య ఆ నోటు కాస్తా లాక్కుని వెళ్ళి, కొబ్బరికాయ తెచ్చి ఆయన కుడి చేతిలో పెట్టింది.

"చూశావా అమ్మాయ్," అన్నారు బావగారు, "కుడి నుంచే!"