శ్రీమద్బావగారి సినిమా వాక్కులు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ గ్రంథానికి కర్త మా బావగారు. కాలం, ఆదివారం భోజనానంతరం. స్థలం, తెనాలిలో వాళ్ల ఇంటి వసారా. అధికారి, అంటే దీన్ని వినడానికి అర్హుడు, ఆ సమయానికి వసారాలోంచి లేచి వెళ్లలేని వాడెవడైనా. ప్రయోజనం ఏమీ లేదనీ, ఇది కాకి పళ్లు లెక్కపెట్టే పని అనీ పూర్వపక్షం ఒకటుంది. సినిమాల మీద కోట్లు పెట్టిన వాళ్లు చివరికి చెవి ఒగ్గేది ఇటువంటి వసారాల్లో పడే ఇటువంటి మాటలకే కనక ఆ పక్షం నిలవదు.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు, ప్రతిజ్ఞ చెల్లింది. నాకా వసతి లేదు.

మూలం 1

"పాత సినిమాలు పాత సినిమాలేనయ్యా. ఇప్పుడేముంది, అంతా గ్రాఫిక్సు!"

టీక: పాత సినిమాలు = మూలకర్త తన పెళ్లికి ముందు చూసినవి; పాత సినిమాలే = అవియే, మరియొకటి కావు; అయ్యా = ఓయీ బావమరిదీ ("నీవేమి చెప్పినను విననులే" అని ధ్వని); ఇప్పుడు = పెళ్లి మొదలుకొని నేటి వరకు; ఏమి ఉన్నది = ఏమియు లేదని కాకువు; అంతా = టైటిళ్లు మొదలుకొని ఆఖరి పేరు వరకు; గ్రాఫిక్సు = ఎట్లు తీసిరో మూలకర్తకు ముందే తెలిసిపోయినది.

తాత్పర్యం: మాయలు చేసే సినిమా మంచి సినిమా కాదని పైకి కనిపించే అర్థం. ఇక్కడే ఆక్షేపం పుడుతుంది. బావగారు పాత సినిమా అన్నప్పుడల్లా చూపుడువేలు పైకెత్తి చెప్పే మొదటి పేరు మాయాబజార్ (1957). ఆ సినిమాలో మాయ తీసేస్తే మిగిలేది బజారొక్కటే. లడ్లు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్తాయి. ద్వారకానగరం బొమ్మ ఇళ్లతో కట్టిన నమూనా. పడవ పాటలోని వెన్నెల మార్కస్ బార్ట్లీ కెమెరా కాయించినది. ఇవన్నీ కనికట్లే కదా, మరి వీటిని మెచ్చి వాటిని తిట్టడం స్వవచన వ్యాఘాతం కాదా అని.

కాదు. మూలకర్త కోపం కనికట్టు మీద కాదు, గుట్టు విప్పడం మీద. ఆ లడ్లు ఎలా కదిలాయో దర్శకుడు కె.వి. రెడ్డి ఏ పత్రికవాడితోనైనా చెప్పాడేమో గాని, బావగారికి చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. ఇప్పటి సినిమా మాత్రం విడుదలకు నెల ముందే 'మేకింగ్ వీడియో' పేరుతో ఫోనులోకి వచ్చేస్తుంది. పచ్చగుడ్డ ముందు హీరో తాడుకి వేలాడుతుంటాడు, కింద నలుగురు పట్టుకుని ఉంటారు. అది చూసినవాడు థియేటర్లో ఆ హీరో కొండ మీంచి దూకితే తాడుకోసం వెతుకుతాడు గాని కొండను చూడడు. ఈ ఒక్క విషయంలో నేను మూలకర్త పక్షమే.

అయితే 2010లో మాయాబజార్‌కి రంగులద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు బావగారు పని మానుకుని వెళ్లి చూసొచ్చారు. ఆ రంగులు వేసింది కంప్యూటరే. దీన్ని గ్రాఫిక్సు కింద జమ కట్టాలా వద్దా అన్నదానిపై మూలకర్త మౌనం వహించారు కాబట్టి వ్యాఖ్యాతకూ మౌనమే విహితం.

మూలం 2

"బాహుబలి బాగుంది. కాదనను."

టీక: బాగుంది = బాగున్నది; కాదనను = అనవలెనని యున్నది, కాని ఊరంతయు బాగుందనుచున్నది.

విశేషం: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న మొదటి భాగంలో 2015 జులైలో వేసి, 2017 ఏప్రిల్‌లో జవాబు చెప్పారు. మన పురాణాల్లో ఎవరు ఎవర్ని చంపుతారో పసిపిల్లలకూ తెలుసు. తెలిసే మళ్లీ మళ్లీ హరికథకు వెళ్లేవారు. జవాబు తెలిశాక కూడా బావగారు రెండో భాగం మూడుసార్లు చూశారంటే దర్శకుడు రాజమౌళికి ఆ హరికథ కిటుకు తెలుసునన్నమాట. మూలకర్త ఈ మాట ఒప్పుకోరు.

మూలం 3

"కురుక్షేత్రం కూడా మంచి సినిమానే."

ఇది ఈ గ్రంథానికి గుండెకాయ. పైకి చూస్తే నాలుగు మాటలు. సందర్భం తెలియని పాఠకుడు దీన్ని స్వభావోక్తి అనుకుని దాటిపోతాడు.

1977 సంక్రాంతికి తెలుగునాట రెండు భారతాలు ఒకేసారి విడుదలయ్యాయి. ఒకటి దానవీరశూరకర్ణ. దానికి నిర్మాత, దర్శకుడు ఎన్.టి. రామారావు, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు కూడా ఆయనే. కొండవీటి వెంకటకవి సంభాషణలు. రెండోది కురుక్షేత్రం. అర్జునుడిగా కృష్ణ, శ్రీకృష్ణుడిగా శోభన్‌బాబు, కర్ణుడిగా కృష్ణంరాజు. దర్శకుడు సాక్షాత్తూ నర్తనశాల (1963) తీసిన కమలాకర కామేశ్వరరావు. తెర మీద రెండింట్లోనూ పాండవులే గెలిచారు. టిక్కెట్ల కిటికీ దగ్గర మాత్రం దుర్యోధనుడు గెలిచాడు.

కృష్ణ సొంత ఊరు బుర్రిపాలెం. తెనాలి పక్కనే. ఆ సంక్రాంతికి మూలకర్త వయసు 13. ఇక టీక చదవండి.

కురుక్షేత్రం = ఆ పేరుగల చలనచిత్రము; కూడా = ఎవరును అడుగకుండనే ముందుగా ఇచ్చుకొనిన జవాబు; మంచి = ఓడినను; సినిమానే = ఇందలి 'ఏ'కారము గాయముపై చేయి వంటిది.

తాత్పర్యం: అలంకారికులు ధ్వనికి ఉదాహరణ వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరుగుతారు గాని, ఈ 'కూడా' ఒక్కటి చాలు. దాన్ని తీసేసి చదివితే అభిప్రాయం మిగులుతుంది. ఉంచి చదివితే మనిషి కనిపిస్తాడు. పొరుగు వీధిలో వాళ్లు దుర్యోధనుడి డైలాగులు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతూ పోతుంటే, వీళ్ల గుంపులో ఒక్కడికీ అర్జునుడి డైలాగు నోటికి రాక, పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డ 13 ఏళ్ల కుర్రాడు.

ఈ వాక్యం వెంట బావగారు ఎప్పుడూ ఒక అనుబంధం చదువుతారు. మనకు తొలి కౌబాయ్ సినిమా ఎవరిది? మోసగాళ్లకు మోసగాడు (1971). తెలుగులో తొలి సినిమాస్కోప్? అల్లూరి సీతారామరాజు (1974). తొలి 70 ఎం.ఎం.? సింహాసనం (1986). ఈ ప్రశ్నలు జవాబుల కోసం అడిగేవి కావు, ఆయన జవాబుతో సహా అడుగుతారు. మూడూ నిజాలే. అంతా గ్రాఫిక్సు అని మొదటి వాక్యంలో ఈసడించిన పెద్దమనిషి మూడో వాక్యానికి వచ్చేసరికి తెర వెడల్పు కొలుస్తున్నాడేమని అడిగేవాళ్లు ఉంటారు. అడగనివ్వండి. అభిమానికి సాంకేతిక విద్య తన హీరో చేస్తే సాహసం, ఇతరులు చేస్తే ఆర్భాటం. ఇది శాస్త్రసమ్మతం కాకపోయినా లోకసమ్మతం.

మూలం 4

"ఇప్పటి సినిమాలు మరీ లెంగ్తు. మూడు గంటలు ఎవడు కూర్చుంటాడయ్యా?"

ఆక్షేపం: దానవీరశూరకర్ణ దాదాపు నాలుగు గంటలు. మాయాబజార్ కూడా మూడు గంటలు దాటుతుంది. బావగారు రెండూ కూర్చునే చూశారు, అదీ వీపు ఆనించడానికి వీల్లేని బెంచీల మీద.

సమాధానం: ఆ తరవాత కుర్చీ మెత్తబడింది, నడుము గట్టిపడింది.

విశేషం: ఈ వాక్యానికి లక్ష్యం పుష్ప 2 (2024) అని సంప్రదాయజ్ఞులు చెబుతారు. అది 3 గంటల 20 నిమిషాలు. కాని బావగారు దాన్ని థియేటర్లో చూడలేదు. ఇంట్లో ఫోనులో చూశారు, పారాయణంలా రోజుకింత. ఫైటు రాగానే ముందుకు జరిపారు, పాట రాగానే వెనక్కి జరిపారు. అట్లా చూసినవాడు లెంగ్తు గురించి మాట్లాడవచ్చునా అంటే, అన్నీ కలిపి ఆయనకు నాలుగున్నర గంటలు పట్టిందట. మాట్లాడవచ్చు.

మూలం 5

"ఖలేజా బాగుందని నేను అప్పుడే చెప్పా."

పాఠాంతరం: మా అక్కయ్య ప్రతిలో ఈ వాక్యం ఇలా లేదు. ఆ ప్రతి ప్రకారం మూలకర్త 2010 అక్టోబరులో ఇంటర్వెల్‌కే బయటికి వచ్చి, స్కూటర్ స్టాండు దగ్గర "త్రివిక్రమ్‌కేమైందయ్యా" అన్నారు. రెండు ప్రతుల్లో అక్కయ్య ప్రతే ప్రాచీనం, ప్రక్షిప్తాలు తక్కువ. అయినా బావగారి ముందు వ్యవహారంలో ఉన్నది బావగారి పాఠమే కాబట్టి దానికే తాత్పర్యం రాస్తున్నాను.

టీక: అప్పుడే = టీవీలో పదోసారి వచ్చినప్పుడు.

తాత్పర్యం: త్రివిక్రమ్ తీసిన ఖలేజా విడుదలనాడు చాలామందికి ఎక్కలేదు. తరవాత టీవీల్లో వస్తూ వస్తూ ఇంటింటి సినిమా అయింది. 2025లో మళ్లీ థియేటర్లలో వేస్తే కుర్రాళ్లు తెర ముందు గంతులేశారు. ఆరెంజ్‌దీ (2010) ఇదే చరిత్ర. ఇప్పుడు వెతికితే ఈ రెండూ అప్పుడు నచ్చనివాడు తెలుగుదేశంలో ఒక్కడూ దొరకడు. మరి అప్పుడు ఆడకుండా చేసిందెవరో! జనం అబద్ధమాడారని నేననను. మొదటిసారి సినిమాకు వెళ్లేటప్పుడు మనం అక్కడున్న సినిమాను చూడం, మనసులో ముందే తీసుకువెళ్లిన సినిమా కోసం వెతుకుతాం. ట్రైలర్ చూసి, మెతుకు పట్టుకుంటే కుండ సంగతి తెలిసిపోయిందన్నట్టు (స్థాలీపులాక న్యాయం), సినిమా అంతా తెలిసిందనుకుని వెళ్లినవాడికి అన్నం బదులు పులిహోర వడ్డిస్తే తిడతాడు. టీవీలో ఆదివారం మధ్యాహ్నం ఏమీ అడగకుండా కూర్చున్నవాడికి అదే పులిహోర రుచిస్తుంది.

ఖలేజా హీరో మహేష్‌బాబు కృష్ణగారి అబ్బాయి అన్నది ఇక్కడ అనుసంధించుకోవాలి. మూలం 3లోని విధేయత వంశపారంపర్యంగా మూలం 5లోకి దిగింది. ఇంటర్వెల్‌లో లేచి రావడం ఆ విధేయతకు భంగం గనక, 'అప్పుడే' అన్న పదం ప్రాయశ్చిత్తమని నా అభిప్రాయం.

మూలం 6

"బలగం... అది సినిమా కాదయ్యా."

జాగ్రత్త. అంతకు పది నిమిషాల ముందు ఇంకో కొత్త సినిమా మాట వస్తే (పేరు అవతారికలోనూ ఎక్కించలేదు, ఇక్కడా ఎక్కించను) బావగారు "అదీ ఒక సినిమానేనా" అన్నారు. అదీ ఇదీ కలిపి చూస్తే, సినిమా కాకపోవడం అక్కడ తిట్టు, ఇక్కడ కిరీటం. వ్యాకరణం ఈ భేదాన్ని పట్టుకోలేదు. ఆయన అనేటప్పుడు కళ్లజోడు తీశారా లేదా అన్నది చూసుకోవాలి. ఇక్కడ తీశారు.

తాత్పర్యం: వేణు యెల్దండి తీసిన ఈ సినిమా (2023) తెలంగాణ పల్లెలో ఒక చావు ఇంటి కథ. పెద్దాయన పోతాడు, పిండం కాకి ముట్టదు. విందులో ఒక నల్లి బొక్క దగ్గర లేచిన మాటకు అల్లుడు అలిగి, ఏళ్ల తరబడి ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కకపోవడం కథకు ముడి. తెలంగాణలో ఎన్నో ఊళ్లలో రచ్చబండ దగ్గర తెర కట్టి అందరూ కలిసి చూశారు. ఆ యాసలో కొన్ని మాటలు తెనాలి మనిషికి అందకపోవచ్చు. బావగారు ఒక్క చోట కూడా ఆపి "ఏమన్నాడు?" అని అడగలేదు.

విశేషం: అలిగిన వాళ్లు తెనాలిలోనూ ఉంటారు. మర్నాడు బావగారు గుడివాడలో ఉన్న తన చెల్లెలికి ఫోను చేశారని అక్కయ్య ప్రతిలో ఉంది. ఈసారి పాఠాంతరం లేదు.

మూలం 7

"సరేగానీ, శుక్రవారం వస్తున్నదానికి నాలుగు టిక్కెట్లు బుక్ చెయ్యి. గ్రాఫిక్సు బ్రహ్మాండంగా ఉన్నాయంట."

స్పష్టం.