గోడకెక్కిన జీన్సు

భూగోళం ఆయుష్షు ఇకమీదట మన సోఫా మీద జీన్సు దిండ్లు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుందట. అడవులు తరగడం, ఎండలు ముదరడం, గోదావరి వేళాపాళా లేకుండా పోటెత్తడం, ఇవన్నీ ఇంతకాలం పెద్దపెద్ద సభల్లో తేలని సంగతులు. పాత ప్యాంటును రెండుగా కత్తిరించి, వెనక జేబులో టీవీ రిమోటు దూర్చి గోడకు తగిలిస్తే చిటికెలో తేలిపోతున్నాయి. ఖమ్మంలో ఈ మధ్య చుట్టపుచూపుగా ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లకంటే ముందు చూపించేది ఇదే. "పాత ప్యాంటేనండీ, పారెయ్యలేదు" అంటారు. పారెయ్యనందుకు మనం మెచ్చుకోవాలి.

దిండు సంగతి చూడండి. జేబుల మూలల్లో రాగి రివిట్లు, నడుము దగ్గర ఇత్తడి గుండీ, వాటి మధ్య లావుపాటి కుట్లు. పండగకొచ్చిన అల్లుడుగారు దాని మీద తల వాల్చి మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే, లేచేసరికి చెంప మీద కంపెనీ పేరు తిరగేసి అచ్చయి ఉంటుంది. పరదా అయితే మరీ ఘోరం. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు ఖమ్మం, కొత్తగూడెం. పొద్దుగూకాక కిటికీలోంచి కాస్త గాలి వస్తుందేమోనని ఎదురుచూసే చోట, ఇసక బస్తా కుట్టేంత దళసరి గుడ్డ అడ్డం కట్టుకుంటున్నారు. వానాకాలంలో ఉతికితే రెండు రోజులకీ ఆరదు. ఆరినా ముక్కవాసన పోదు.

అడవి అంచుకు పోయేకొద్దీ గోడకు తగిలించే ఈ జేబుల సంచికి గిరాకీ ఇంకో రకంగా ఉంటుంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు ఇళ్లలో చీకటి సందు ఏది దొరికినా దానికో హక్కుదారు ఉంటాడు. గోడ సంచిలో ఒక జేబులో కత్తెర, ఒకదాంట్లో కరెంటు బిల్లు, మిగతావాటిలో బల్లి సంసారం. తొలకరికి తేలు కూడా అద్దెకు దిగుతుంది. రిమోటు కోసం చెయ్యి పెట్టే ముందు టార్చిలైటు వేసి చూసుకోవడం పర్యావరణ స్పృహలో భాగమే కాబోలు.

అన్నిటికంటే గొప్పది కాళ్ల కుండీ. ప్యాంటును చిక్కటి సిమెంటు నీళ్లలో ముంచి, లోపల గడ్డి కుక్కి, నిలబెట్టి ఆరబెడతారు. గట్టిపడ్డాక నడుము దగ్గర మట్టి పోసి మొక్క నాటుతారు. బొడ్డు దాకా మగవాడు, ఆపైన మనీప్లాంటు. రాత్రి కరెంటు పోయినప్పుడు వాకిట్లో ఆ కాళ్లు చూసి జడుసుకోని చుట్టం లేడు. అసలు నూలుగుడ్డను మట్టిలో వదిలేస్తే దానంతట అదే చివికి కలిసిపోతుంది. అందులో సాగే దారం పోగు ఉంటే అది మాత్రం కలవదు. అంత బుద్ధిగా పోవడానికి సిద్ధపడ్డ గుడ్డకు సిమెంటు తాగించి, ఎప్పటికీ పోకుండా చేసి, ప్రకృతిని కాపాడాం అంటున్నారు.

లెక్కలూ చెబుతారు. ఒక్క జీన్సుకు వేల లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి కనుక ఈ దిండు ఆ నీళ్లన్నీ కాపాడిందట. ఆ వేల లీటర్ల మాట అబద్ధం కాదు. లీవైస్ కంపెనీ తన 501 రకం ప్యాంటుకు 2015లో కట్టిన లెక్క ప్రకారం, పత్తి చేనునుంచి చెత్తబుట్ట దాకా అది తాగేది 3,781 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు పత్తి పండించడానికే పోతాయి, నాలుగో వంతుకు కాస్త తక్కువ మన ఉతుకులకు పోతాయి. ఆ నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి, ఆవిరైపోయాయి. దిండు కుట్టినంత మాత్రాన చెంబెడు నీళ్లు కూడా బావిలోకి తిరిగి రావు. ఈ కుట్టుడు వల్ల కొత్తది కొనడం మానేస్తేనే ఏదైనా మిగిలేది. మానేశారా? దిండులోకి ఫోము కొన్నారు. అంచుకు లేసు, అతికించడానికి గ్లూ గన్ను, పైన పువ్వులు వెయ్యడానికి రంగు డబ్బాలు, చుట్టూ ఎల్‌ఈడీ బల్బుల దండ కొన్నారు. ఇంటి మిషను మీద జీన్సు నాలుగు మడతలు పెట్టి తొక్కితే సూది పుటుక్కుమంటుంది. అందుకని 18 నంబరు సూదుల ప్యాకెట్టు కొన్నారు. బీరువాలో ఖాళీ అయిన చోట కొత్త ప్యాంటు వచ్చి కూర్చుంది. ఇంట్లో పాతవి అయిపోయాక ఇల్లాలి చూపు మంచి ప్యాంట్ల మీద పడింది. ఇప్పుడా ఇంట్లో మగపిల్లలు ఉతికిన బట్టలు తామే మడిచి దాచుకుంటున్నారు.

పత్తి మాట వచ్చింది కనుక ఖమ్మం మార్కెట్టు దాకా పోయి రావాలి. పత్తిలో తేమ 8 శాతం లోపుంటే, కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన కోత. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు ధర 8,110 రూపాయలు. గింజ తీస్తే అందులో దూది 33, 34 కిలోలు. ఒక ప్యాంటుకు కిలో దూది కూడా పట్టదు. అంటే రైతుకు ఒక్కో ప్యాంటు మీద ముట్టేది 250 రూపాయలు దాటదు, అదీ పూర్తి ధర దొరికితే. ఆ పత్తే మిల్లులన్నీ తిరిగి, నీలం పూసుకుని, మోకాళ్ల దగ్గర గీకించుకుని, చింపించుకుని షోరూములోకి వచ్చేసరికి వేలల్లో పలుకుతుంది. రైతు తెచ్చిన పత్తికి తేమ పరీక్ష ఉంది గానీ, గోడ మీద ముక్కిపోతున్న జీన్సుకు మాత్రం ఏ పరీక్షా లేదు.

పాతగుడ్డను వాడుకోవడం మనకెవరో నేర్పాలా? చీర చిరిగితే చంటిపిల్లకు ఉయ్యాల, ఉయ్యాల పాతబడితే బొంత, బొంత పీలికలైతే చుట్టకుదురు, మసిగుడ్డ, అలుకుగుడ్డ. ఆ నాయనమ్మలెవరూ ఫొటో తీసి ఊరంతా చూపించలేదు. భద్రాచలం దగ్గర పర్ణశాలకు వెళితే వాగు పక్కన సీతమ్మవారు చీర ఆరేసిన గుర్తులని రాళ్ల మీద చారలు చూపిస్తారు. వనవాసంలో అంత పొదుపుగా బతికిన ఇల్లాలు పాత నారచీరతో గోడ సంచి కుట్టినట్టు స్థలపురాణంలో ఎక్కడా లేదు.

ఈ జీన్సు కుట్టుడు విద్యను అడవిలోకి మోసుకెళ్లి గిరిజన మహిళలకు ఉపాధి చూపిస్తామనే ఉత్సాహవంతులూ ఉన్నారు. వెదురు చీల్చి బుట్టలల్లేవాళ్లకు, అడ్డాకులు కుట్టి విస్తళ్లు చేసేవాళ్లకు, వృథా చేయకుండా బతకడం ఎలాగో ఖమ్మం నుంచి కారు వేసుకుని వెళ్లి చెబుతారన్నమాట. దుమ్ముగూడెంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఉంది. దాన్ని వెతికి కొని బల్ల మీద పరిచిన ఇల్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాను. కోయల కథలు చెప్పే డోలీల దగ్గర పడిగెలున్నాయి, బట్ట మీద బొమ్మల్లో ఒక్కో వంశం కథ. ఆ కథల్ని నోటికి చెప్పిన మణుగూరు వైపు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పడిగె వేల్పులది, హాల్లో వేలాడదీసేది కాదు. కానీ గుడ్డ మీద చదవడానికి ఏదో ఒకటి ఉండాలని అది గుర్తుచేస్తుంది. మన గోడ మీది గుడ్డలో చదవడానికి ఉన్నది ఒక్కటే, నడుము 34.

ఈ ప్యాంటు పుట్టుక కూడా అలంకారానికి కాదు. అమెరికాలో రీనో అనే ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలీల ప్యాంట్ల జేబులు ఊరికే ఊడిపోతుంటే మూలల్లో రాగి రివిట్లు కొట్టాడు. గుడ్డలమ్మే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంటు తీసుకున్నాడు. గనుల్లో దిగేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు అడిగి కొన్నారు. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలయ్యేనాటికి ఆ ప్యాంటుకు పదహారేళ్లు. ముళ్లను, రాళ్లను తట్టుకోవడానికి పుట్టిన ఆ గుడ్డకు మా జిల్లాల్లో పని లేకపోలేదు. మిరపకోతల కాలంలో ఏ చేను గట్టు మీద నిలబడినా కనిపిస్తుంది, ఒంటికి రక్షణగా ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని వంగి ఉంటారు. ఛత్తీస్‌గఢ్ నుంచి సరిహద్దు దాటి కోతలకు వచ్చిన కుటుంబాలూ అంతే. ఎండాకాలం తునికాకు కోతకు తెల్లవారకముందే పొదల్లోకి దూరే మగవాళ్లకు పాత జీన్సు దొరికితే కాళ్లకు గీరుకుపోవడం సగం తప్పుతుంది. వారపు సంతల్లో పాతబట్టల కుప్ప చుట్టూ చేరినవాళ్లు ప్యాంటును ఎత్తి, మోకాళ్ల దగ్గర వెలుతురుకు పట్టి చూసి మరీ బేరమాడతారు. వాళ్లకు దాని విలువ తెలుసు. తెలియనిది కత్తెర పట్టుకున్నవాళ్లకు.

అసలు చిరిగినచోట అతుకు వేయించి తొడుక్కుంటే ఆ ప్యాంటు ఇంకో రెండేళ్లు వస్తుంది. టైలరు దగ్గర అరగంట పని. ఆ మాటే ఒక కుర్రాడితో అన్నాను. మోకాలి దగ్గరి చిరుగును భద్రంగా చేత్తో కప్పుకుని, "అతుకేస్తే ఎట్లా అంకుల్, డబ్బులిచ్చింది ఆ చిరుగుకే" అన్నాడు.