మూత విప్పి చూసి నన్ను కొనండి

నేను మినీ పీసీని. అరచేతిలో ఇమిడే డబ్బాను, మానిటర్ వెనక నాలుగు స్క్రూలతో బిగిస్తే బల్ల మీద కనిపించను కూడా. మా వంశం మరీ పాతది కాదు. 2005 జనవరిలో ఆపిల్ మ్యాక్ మినీ వచ్చింది. 2013 నాటికి ఇంటెల్ నక్ (NUC) పేరుతో చిన్న కంప్యూటర్లను బజారులోకి తెచ్చింది. పదేళ్లు నడిపాక, 2023 జులైలో ఆ వ్యాపారం నుంచి తప్పుకుని దాన్ని అసుస్‌కు అప్పగించింది. అదే ఏడాది జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ నా గుండెకాయ. దానికి నాలుగు కోర్లు, 6 వాట్ల విద్యుత్ పరిమితి. నాలాంటి డబ్బాలు చవకగా, విరివిగా దొరకడానికి కారణం ఆ చిప్పే. నేనుండే చోటు అచ్యుతాపురం. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరినా, పెద్ద కొనుగోళ్లకూ రిపేర్లకూ విశాఖ వైపే చూసే ఊరు. ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమ, 2022లో మొదలైన యోకోహామా టైర్ల కర్మాగారం, రసాయనాలూ మందుల కంపెనీలూ ఉన్నాయి. వాటికి కావలసిన పెద్ద యంత్రాలు వేరు. వాటిని ఆనుకుని బతికే లేబర్ కాంట్రాక్టర్, లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, క్యాంటీన్ సరుకులవాళ్లు, జీఎస్టీ లెక్కలు చూసే గది, మీసేవ కేంద్రం, పిల్లల చదువుకు కంప్యూటర్ కావాలనుకునే ఇల్లు, వీళ్లు కొనేది నన్ను. వాళ్లకు నా బతుకు చెప్పి ఒక్క మాట ఒప్పించాలని నా తాపత్రయం: చవక మినీ పీసీలను వేగం చూసి పోల్చకండి, చెడితే మీ ఊళ్లో ఏ భాగం మార్చుకోగలరో చూసి పోల్చండి.

వేగం అక్కర్లేదని కాదు, ఈ పనులకు సరిపడా వేగం చవక డబ్బాల్లోకి ఇప్పటికే వచ్చేసిందని అంటున్నాను. హాజరు పట్టిక, ట్యాలీ, ఈ-వే బిల్లు, బ్యాంకు పేజీలు, ఒక వీడియో కాల్, ఇవన్నీ ఎన్100 ఇబ్బంది లేకుండా మోస్తుంది. మొత్తం శక్తిలో అది 2015 నాటి నాలుగు కోర్ల ఐ5 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు దరిదాపుల్లో ఉంటుంది. ఎన్100 కన్నా కొత్తదైన ఎన్150 కొంచెం మెరుగు, అంతే. ఆ కొంచెం కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. వద్దని గట్టిగా చెప్పాల్సినవి రెండు కోర్ల సెలరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ నిల్వతో వచ్చే డబ్బాలు. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అర్హత సరిగ్గా 4 జీబీ, 64 జీబీ. కనీస అర్హత దగ్గరే మొదలైన యంత్రానికి ఎదుగుదల ఉండదు. రెండు మూడు అప్‌డేట్లకే నిల్వ నిండిపోతుంది, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే ర్యామ్ అయిపోతుంది. పైగా ఆ ఈఎమ్ఎమ్‌సీ బోర్డుకే అతికించి ఉంటుంది, తీసి పెద్దది పెట్టే వీల్లేదు.

అసలు విషయం నా మూత కిందే ఉంది. ఒకే ఎన్100 చిప్పుతో రెండు రకాల డబ్బాలు వస్తాయి. ఒకదానిలో ర్యామ్‌కు లాప్‌టాప్‌లో ఉండేలాంటి స్లాటు, ఎస్‌ఎస్‌డీకి ఎమ్.2 స్లాటు ఉంటాయి. మరోదానిలో ర్యామ్ బోర్డు మీదే టంకం వేసి ఉంటుంది. కొన్న రోజున రెండూ ఒకేలా పరిగెత్తుతాయి. మూడేళ్ల తర్వాత తేడా తెలుస్తుంది. మొదటిదానిలో 8 జీబీ తీసి 16 జీబీ పెట్టుకోవచ్చు, ఆ చిప్పుకు ఇంటెల్ అధికారికంగా చెప్పిన హద్దు కూడా అదే. నిండిన డిస్క్ మార్చుకోవచ్చు. రెండోదానిలో ర్యామ్ చెడితే బోర్డే చెడినట్టు. అడాప్టర్ కూడా అంతే ముఖ్యం. 12 వోల్టుల సాధారణ గుండ్రటి పిన్నుదైతే విశాఖలోని గాజువాకలోనో ద్వారకానగర్‌లోనో దొరుకుతుంది. ఆ కంపెనీకే ప్రత్యేకమైన పిన్నైతే చిన్న భాగం కోసం మొత్తం యంత్రం మూలనపడుతుంది. పూడిమడక తీరం పక్కనే ఉన్న ఊరు మాది. ఉప్పుగాలి, తేమ, లారీల దుమ్ము నా ఫ్యాను మీద పనిచేస్తూనే ఉంటాయి. మామూలు స్క్రూలు విప్పి శుభ్రం చేసి, ఫ్యాను మార్చి మళ్లీ బిగించగలిగే డబ్బాకే ఇక్కడ ఆయుష్షు.

ఇదే కొలతతో చూస్తే నాకు గట్టి పోటీ కొత్త డబ్బాలు కావు, కంపెనీలు వాడి అమ్మేసిన లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీలు. ఐ5-8500టీ ఉన్న వాటికి ఆరు కోర్లు. ఒకే పనిలో నాకు దాదాపు సమానం, చాలా పనులు ఒకేసారి చేస్తే నాకన్నా ముందు. ర్యామ్‌కు రెండు స్లాట్లుంటాయి, విడిభాగాలు దొరుకుతాయి. ఇది ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. కానీ తరం చూసి కొనాలి. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న దాదాపు అన్ని ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. బ్యాంకు లావాదేవీలు చేసే బల్ల మీద ఆరో తరం ఐ5 ఎంత చవకైనా కొనదగ్గది కాదు. ఎనిమిదో తరం దొరికి, అమ్మినవాడు బిల్లూ వారంటీ ఇస్తే అది నాకు సరిసమానమైన ఎంపిక. కరెంటు తక్కువ తాగడం, యూట్యూబ్ వాడే ఏవీ1 వీడియోను హార్డ్‌వేర్‌తోనే విప్పడం నాకున్న మొగ్గు. రాస్ప్‌బెర్రీ పై నేర్చుకునే పిల్లలకు మంచి నేస్తం. విండోస్ మీదే నడిచే ట్యాలీకీ, విండోస్ డ్రైవర్లు అడిగే వేలిముద్ర యంత్రాలకూ అది కుదరదు. 16 జీబీతో 2024లో వచ్చిన ఎమ్4 మ్యాక్ మినీ మా అందరికన్నా శక్తిమంతం. అయితే దాని ధర 59,900 రూపాయల దగ్గర మొదలైంది, ర్యామ్ మార్చే వీలు లేదు.

భాగాలు మార్చుకోవడమే ముఖ్యమైతే పాత పద్ధతి పెద్ద సీపీయూ డబ్బాయే మేలు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గ్రాఫిక్స్ కార్డు కావాలన్నా, వీడియో ఎడిటింగ్, పెద్ద డిజైన్ డ్రాయింగులు చేయాలన్నా అదే కొనండి, నేను చాలను. బిల్లులు రాసే బల్లకు మాత్రం అది అవసరానికి మించిన ఖర్చు. పాత డెస్క్‌టాప్ 50, 60 వాట్లు తీసుకునే చోట నేను 10, 15తో సరిపెట్టుకుంటాను. 40 వాట్ల తేడా అనుకుంటే రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులకు 8 యూనిట్లు మిగులుతాయి. ఆ సొమ్ము పెద్దదేం కాదు. అసలు లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది: చిన్న యూపీఎస్ కూడా నన్నూ మానిటర్‌నూ చాలాసేపు నిలబెడుతుంది, సగం నింపిన ఈ-వే బిల్లు పోదు. లాప్‌టాప్‌కు బ్యాటరీ దాని ఒంట్లోనే ఉందిగా అనే మాటా నిజమే. తిరిగే పని ఉన్నవాళ్లు అదే కొనాలి. కదలకుండా ఒకేచోట కూర్చునే పనికి లాప్‌టాప్ కొంటే తెర, కీబోర్డు, బ్యాటరీ ఒకే ఒంట్లో ఉంటాయి, ఒకటి చెడినా మొత్తం రిపేరుకు పోవాలి. నా విషయంలో కీబోర్డు చెడితే కీబోర్డే మారుతుంది.

కాబట్టి కొట్లో నన్ను చూపించినప్పుడు ప్రాసెసర్ పేరు ఒకసారి చదివి, తర్వాత ఇవి అడగండి. ర్యామ్ స్లాటులో ఉందా, టంకం వేసిందా? ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చా? ప్రింటర్, వేలిముద్ర యంత్రం, కీబోర్డు, మౌస్ పెట్టాక ఒక యూఎస్‌బీ రంధ్రమైనా మిగులుతుందా? అడాప్టర్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ ముద్ర ఉందా, ఆ పిన్ను బయట దొరుకుతుందా? విండోస్ లైసెన్సు అసలైనదేనా, బిల్లులో రాసి ఇస్తారా? 2023 ఆగస్టులో కేంద్రం లాప్‌టాప్‌లతో పాటు అతిచిన్న కంప్యూటర్ల దిగుమతికీ అనుమతి నిబంధన ప్రకటించింది. దిగుమతి మీద ఇలాంటి నిబంధనలు వస్తుంటే, ఊరూ పేరూ తెలియని డబ్బాకు రేపు విడిభాగం వస్తుందన్న ధీమా ఎవరూ ఇవ్వలేరని గుర్తుంచుకోండి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో, రెండూ మార్చుకోగలిగే డబ్బా ఉంటే ఈ ఊరి చిన్న ఆఫీసుకు అదే చాలు. నెల సంపాదనలో పెద్ద భాగం పెట్టి కొనేవాళ్లకు ఏడాది వేగం కన్నా ఐదేళ్ల సేవ విలువైనది. ఆ ఐదేళ్లు ఇవ్వగలనో లేదో ప్రకటనలో ఉండదు. కొనేముందు నా మూత విప్పించండి, అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.