తొడ కొడితే నీళ్లొస్తాయా?

మగాడికి ధైర్యం నూరిపోసే పాటలకు పాశ్చాత్య దేశాల్లో గిరాకీ ఎక్కువ. 1982లో 'రాకీ 3' సినిమా కోసం సర్వైవర్ బృందం చేసిన 'ఐ ఆఫ్ ది టైగర్' ఇప్పటికీ జిమ్ముల్లో మోగుతూనే ఉంది. అదీ అతిశయమే. కానీ ఆ సినిమాలో ఒక మర్యాద ఉంది. హీరో ముందు చిత్తుగా ఓడిపోతాడు, బిరుదు పోగొట్టుకుంటాడు, పాత ప్రత్యర్థి దగ్గరే మళ్లీ ఓనమాలు దిద్దుతూ చెమటోడుస్తాడు. మన సినిమావాళ్లు రాయలసీమ మగాడికి రాసిపెట్టిన పాటలో ఈ తిప్పలేవీ లేవు. ఆయన పుట్టడమే సింహంగా పుడతాడు. ఓడిపోడు, నేర్చుకోడు, పని చేయడు. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' కాసులు కురిపించింది మొదలు కొండారెడ్డి బురుజు, నాలుగు సుమోలు, నల్లరేగడిలో నడిచినా మాయని తెల్లచొక్కా, వెనక 'సీమ సింహం' అంటూ కోరస్. ఇంతే మన పౌరుషం.

ఈ సింహానికి తొడ కొట్టడం తప్ప చేతినిండా పని ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో మగాడి ధైర్యం ఎలా ఉంటుందో చూడాలంటే సుగ్గికి పోయే రోజుల్లో చూడాలి. వాన మొహం చాటేస్తే జొన్నపిండి, చింతపండు మూటగట్టి, బడి ఈడు పిల్లల్ని వెంటబెట్టుకుని, ఇంటికి తాళమేసి ఆలుమగలిద్దరూ మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు పోతారు. అప్పు తీర్చడానికి ఊరు విడిచే ఆ మనిషికి కోరస్ లేదు. నీళ్ల సంగతీ అంతే. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల్లో సీమకు ముందు వాటా అని 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అది కాగితాల మీద కూర్చుని, వాదించి సాధించిన మాట. అక్కడ ఎవరూ తొడ కొట్టలేదు కాబట్టి పాటకు పనికిరాలేదు.

'సినిమా అంటే సరదా కదా, ఇంత రాద్ధాంతమెందుకు' అంటారు. సరదాయే. కాకపోతే కడప పేరెత్తగానే బాంబుల జోకు వేసే సరదా సీమ పిల్లల వెంట హైదరాబాద్ హాస్టళ్ల దాకా వస్తోంది. 'కక్షలు అబద్ధమా?' అనేది ఇంకాస్త గట్టి ప్రశ్న. నిజమే, కక్షలున్నాయి, ఊళ్లు పాడయ్యాయి. అయితే ఆ నిజానికి పాట కట్టాల్సింది నరికినవాడి వైపు నుంచి కాదు. 2018లో వచ్చిన 'అరవింద సమేత'లో పెంచల్ దాస్ రాసిన 'రెడ్డమ్మ తల్లి' సీమ యాసలో ఆడమనిషి ఏడుపు. ఇన్ని ఫ్యాక్షన్ సినిమాల్లో నాకు సీమ గొంతు వినిపించింది అక్కడే.

'మీ జానపదాలు మాత్రం కత్తిని పొగడలేదా?' అని అడిగేవాళ్లూ ఉంటారు. పొగిడాయి. కుంపిణీ మీద తిరగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం పాడుకున్నారు. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డినీ పాడుకున్నారు. 1866 కరువులో ఆయన ఆకలితో వచ్చినవాళ్లకు గంజి కాచి పోయించాడు. దాని మీద కూడా సీమ పాట కట్టింది, వీరుడనే అంది. మొదటి పాట 2019లో కోట్ల ఖర్చుతో 'సైరా' అయింది. రెండోదానికి ట్రైలర్ కట్ చేయడం కష్టం మరి. గంజి పోసేటప్పుడు స్లో మోషన్ పెడితే గంజి చల్లారిపోతుంది.

సీమ మీద ఇంకో సినిమా తీయబోయే దర్శకులకు ఒక మనవి. ఈసారి టైటిల్ సాంగ్ సుగ్గికి పోయేవాడి మీద రాయించండి. లొకేషన్ చూడటానికి కోసిగి రండి. మిరపకాయలు కోసే నెలల్లో మాత్రం రావద్దు, తాళాలు తప్ప మనుషులు దొరకరు.