భీమవరం దారి వెతుక్కున్న ప్రెస్ నోట్

నేనొక ప్రెస్ నోట్‌ని. విశాఖ రుషికొండ ఐటీ పార్కులో, మూడో నంబరు కొండ మీద, ఓ చిన్న కంపెనీ లాప్‌టాప్‌లో పుట్టాను. నన్ను రాసింది ఆ కంపెనీ పెట్టినామే. భీమవరం వైపు ఆకివీడు దగ్గర వాళ్ల మేనమామ చెరువులో రొయ్యలన్నీ ఒక్క రాత్రిలో చచ్చి తేలిపోవడం కళ్లారా చూసి ఈ పనిలోకి దిగింది. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో రాత్రీ పగలూ కొలుస్తూ, పడిపోతోందనగానే రైతు ఫోను మోగించే పరికరం ఒకటి తయారుచేసింది. ఆ సంగతి లోకానికి చెప్పడానికి నన్ను కంది.

లోకానికి అంటే ఎవరికి? నా జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు నా లోపల ఏముందో చెప్పాలి. రైతులు డీవో అంటారే, నీటిలో కరిగిన ఆక్సిజన్, అది వనామీ రొయ్యల చెరువులో లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములకు తగ్గకూడదు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని సూక్ష్మమైన నాచు ఆక్సిజన్‌ని తయారుచేస్తుంది. పొద్దుగూకాక ఆ నాచే రొయ్యలతో పోటీపడి పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున డీవో అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళప్పుడే కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయి, జనరేటర్ వేయాల్సినవాడు నిద్రలో ఉంటే, రొయ్యలు గట్టు వారకు చేరి మూతులు పైకి పెడతాయి. కాసేపటికి తేలిపోతాయి. అప్పు మీద తెచ్చిన మేత, సీడు, డీజిలు, నెలల తరబడి కాపలా, అంతా తెల్లారేసరికి నీళ్లపాలు. భారతదేశంలో రొయ్యలు అన్నిటికంటే ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే కాబట్టి ఈ దెబ్బ తిన్న ఇళ్లు కూడా ఇక్కడే ఎక్కువ. నేను చేరాల్సింది ఆ ఇళ్లకి.

మా వంశం సంగతీ కాస్త చెప్పుకోవాలి. 1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీంచి నీళ్లలో పడింది. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో కంపెనీలు ఇలాంటివి దాచిపెట్టేవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు సలహాదారుగా ఉన్న ఐవీ లీ మాత్రం, పుకార్లు పుట్టకముందే మనమే చెప్పేద్దామని ప్రకటన రాసి విలేకరులకు ఇచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసింది. మా జాతిలో మొదటిది అదేనని ప్రజాసంబంధాల పుస్తకాలు చెబుతాయి. పుట్టుకే ఒక చెడు కబురు నిజాయితీగా చెప్పడంతో మొదలైందన్నది నాకు ఎప్పటికీ గర్వమే.

మమ్మల్ని మోసుకెళ్లే వ్యాపారం తర్వాత వచ్చింది. 1954లో హెర్బర్ట్ ముషెల్ న్యూయార్క్‌లో పీఆర్ న్యూస్‌వైర్ పెట్టి టెలిప్రింటర్ల మీద పత్రికలకు ప్రకటనలు పంపాడు. 1961లో లారీ లోకీ శాన్‌ఫ్రాన్సిస్కోలో బిజినెస్ వైర్ మొదలుపెట్టాడు, 2006లో దాన్ని వారెన్ బఫెట్ కంపెనీ కొనేసింది. ఇవి అంతగా పెరగడానికి పెద్ద కారణం షేర్ మార్కెట్. లాభనష్టాల కబురు ఒకడికి ముందూ ఇంకొకడికి వెనకా తెలియకూడదు, అందరికీ ఒకేసారి చేరాలి. మన దేశంలో లిస్టయిన కంపెనీ, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం అలాంటి కబురు ముందుగా స్టాక్ ఎక్స్ఛేంజీకే చెప్పుకోవాలి. మా కంపెనీ షేర్లు మార్కెట్లో లేవు. అంటే ఈ వైర్ సర్వీసులు ఏ అవసరం వల్ల పెరిగాయో ఆ అవసరం మాకు లేదు. ఈ చిన్న సంగతి తెలియక చిన్న కంపెనీలు ఎంత డబ్బు పోస్తున్నాయో తలుచుకుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నేను ఇంకా డ్రాఫ్ట్‌గా ఉండగానే ఒక ఏజెన్సీ ఫోన్లు మొదలుపెట్టింది. వందల వెబ్‌సైట్లలో గ్యారంటీగా వస్తుందని, కోట్ల మందికి చేరుతుందని, తెలుగు మీడియా కూడా ప్యాకేజీలోనే ఉందని. ఆఫీసులో మార్కెటింగ్ చూసే కుర్రాడికి తెగ నచ్చేసింది. "అక్కా, ఇంత రీచ్ మనకు ఇంకెక్కడా రాదు, ఈవేళే కట్టేద్దాం" అన్నాడు. ఆమెకూ మనసు లాగింది గానీ, ఎందుకైనా మంచిదని ఎంవీపీ కాలనీలో ఉండే బాబాయ్‌ని పిలిచింది. ఆయన తెలుగు పత్రికల డెస్కుల్లో పనిచేసి రిటైరైన సబ్ ఎడిటర్.

ఆయన వచ్చి కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, ఏజెన్సీ పంపిన నమూనా రిపోర్టు తెరిచాడు. ఇంకో కంపెనీ ప్రకటన ఎక్కడెక్కడ వచ్చిందో చూపించే పీడీఎఫ్ అది. పైన పెద్ద పెద్ద లోగోలు, కింద లింకులు. ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాడు. ప్రకటన ఆ సైట్లలో ఉన్నమాట నిజమే. కానీ హోం పేజీ నుంచి అక్కడికి దారి లేదు. ఆ సైటులోనే వెతుకులాట పెట్టెలో హెడింగు కొడితే దొరకలేదు. సైటు మారినా అక్షరం మారలేదు. ఫొటో కింద పేరులో ఉన్న అచ్చుతప్పు కూడా అన్నిచోట్లా అలాగే ఉంది. ఒక్క మనిషి చదివి ఉన్నా ఆ తప్పు దిద్దేవాడు కదా. పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో, దీనికి సంపాదకీయ బాధ్యత మాది కాదన్న మాట. పీటీఐ లాంటి పెద్ద వార్తా సంస్థ కూడా ఒప్పందం మీద వచ్చే ప్రకటనల కింద ఆ మాట దాచకుండా రాస్తుంది. అది పాఠకుడి పట్ల మర్యాద. దాన్ని వార్తగా చూపించి అమ్మడం మాత్రం మర్యాద కాదు.

"ఈ కోట్ల లెక్క ఎలాగొచ్చిందో తెలుసా అమ్మాయ్?" అన్నాడు బాబాయ్. "ఆ సైట్లకి నెలకి ఎంతమంది వస్తారో అదంతా కూడేశారు. ఈ పేజీ తెరిచిన వాళ్ల లెక్క కాదు."

కుర్రాడు ఊరుకోలేదు. "పోనీ, గూగుల్లో మన సైటు పైకొస్తుంది కద బాబాయ్" అన్నాడు. ఆ ఆశకూ కాలం చెల్లింది. ప్రకటనల్లో కీలకపదాలు కుక్కి తమ సైటుకే లింకులు పెట్టుకోవడాన్ని గూగుల్ 2013లోనే అసహజమైన లింకుల జాబితాలో చేర్చింది. అలాంటి లింకులకు, ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే నోఫాలో గుర్తు పెట్టమంది. పేరున్న సర్వీసులు అలాగే పెడుతున్నాయి కూడా. ఇక ర్యాంకు కోసం డబ్బు కట్టడమెందుకు?

ఇంకో భయం కూడా చెప్పాడాయన. నన్ను పంపే ముందు పంపుతున్నది ఎవరో సర్వీసువాళ్లు నిజంగా కనుక్కుంటారా? 2000 ఆగస్టు 25న ఎమ్యులెక్స్ అనే అమెరికా కంపెనీ పేరుతో ఇంటర్నెట్ వైర్ ద్వారా ఒక దొంగ ప్రకటన వెళ్లింది. సీఈఓ రాజీనామా చేశాడని, లెక్కలు మార్చి రాస్తున్నారని. పంపినవాడు ఆ సర్వీసులోనే పనిచేసి మానేసినవాడు. పెద్ద వార్తా సంస్థలు దాన్ని నమ్మి చెప్పేశాయి. గంట తిరక్కుండానే షేరు సగానికి పైగా పడిపోయింది. మా జాతికి అంతకంటే అవమానం లేదు. వివరాలేమీ అడగకుండా కార్డు నంబరు తీసుకుని ప్రకటన వదిలేసే సర్వీసు ఎంత చౌకగా వచ్చినా దూరం పెట్టాల్సిందే.

తర్వాత బాబాయ్ ఏజెన్సీకి స్వయంగా ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగాడు: "తెలుగు మీడియా అన్నారు కదండీ, ఏ పేపరు, ఏ ఎడిషను, ఏ డెస్కు?" అవతల జవాబు లేదు. మెయిల్ ఐడీల జాబితా ఉందన్నారు. తెలుగు చేసేది ఎవరని అడిగితే సాఫ్ట్‌వేర్ చేస్తుందని, ఎవరూ చదివి చూడరని తేలింది.

ఆ ప్రశ్న విలువ విశాఖలో పనిచేసిన వాడికే బాగా తెలుస్తుంది. ఈనాడు 1974 ఆగస్టు 10న ఈ ఊళ్లోనే పుట్టింది. 1989లో జిల్లా పేజీలు మొదలుపెట్టి తెలుగు పత్రికల తీరే మార్చేసింది, మిగతా పేపర్లూ ఆ దారిలోనే నడిచాయి. అప్పటి నుంచి ఆకివీడు కబురు ఆకివీడు వాడి చేతికి, భీమిలి కబురు భీమిలి వాడి చేతికి వెళుతోంది. విశాఖలో విలేకరికి ఇచ్చిన ప్రెస్ నోట్ విశాఖ జిల్లా పేజీలోనే ఆగిపోతుంది, భీమవరం రైతు కంట పడదు. న్యూయార్క్ వైరుకైతే ఈ జిల్లా గీతలసలు కనబడవు.

అందుకని బాబాయ్ నన్ను ఒళ్లంతా విప్పి మళ్లీ కట్టాడు. మొదటి పేరాలో కంపెనీ పేరు, అవార్డు, విజన్ ఉండేవి. అవి తీసి కిందికి తోసి, తెల్లవారుజాము డీవోని పైకి తెచ్చాడు. ఒక పేజీ దాటనివ్వలేదు. ఎలాగూ కొన్ని వైర్లలో పదాలు పెరిగితే అదనంగా కట్టాలి, పొదుపు అన్నిచోట్లా అక్కరకొస్తుందన్నాడు. తెలుగును యూనికోడ్‌లో కొట్టించి మెయిల్లోనే అతికించాడు. అను ఫాంట్‌లో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి, సబ్ ఎడిటర్ విసుక్కుని పక్కన పడేస్తాడు. ఫొటోని వర్డ్ ఫైల్లో ఇరికించకుండా విడిగా జేపీజీగా జతచేయించాడు. అది కొండ మీది ఆఫీసులో రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో కాదు, గట్టు మీద పరికరం పక్కన నిలబడ్డ మేనమామది. అడుగున ఫోన్ నంబరు, సాయంత్రం డెస్కు నుంచి ఫోన్ వస్తే ఎత్తి తెలుగులో జవాబు చెప్పే మనిషిది.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ముహూర్తం 2025 అక్టోబరు 14 అనుకున్నారు. ఆ రోజే గూగుల్ విశాఖలో పదిహేను వందల కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. బాబాయ్ నన్ను ఆపేశాడు. ఆవేళ పేపర్లో ఇంకో విశాఖ టెక్నాలజీ వార్తకు చోటెక్కడిది? అసలైన కబురుకు వాహనం వెతకక్కర్లేదని ఆయన అనేవాడు. 2020లో రుషికొండ బీచికి, శుభ్రమైన బీచిలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడూ, 2025 మొదట్లో అది కొన్నాళ్లు పోయినప్పుడూ ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. మాలాంటి చిన్న నోట్లకే దారి చూసుకుని వెళ్లే అవసరం.

రెండు వారాలకు మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. నేను చేరాల్సిన ఊళ్ల మీదే. కుర్రాడు "అక్కా, ఇప్పుడు పంపితే అందరూ చదువుతారు" అన్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన వస్తువు అమ్ముకోవడానికి ఇదా సమయం?" అంది. అలాగని మౌనంగా ఉండటమూ తప్పే అనిపించింది. వానకు మంచినీళ్లు పైన పొరలా నిలిచిపోతే అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది, మబ్బు పట్టిన రోజుల్లో నాచు ఆక్సిజన్ సరిగా ఇవ్వదు, కరెంటు లేక ఏరేటర్లు తిరగవు. ఈ మూడూ కలిసి తుపాను వెళ్లిపోయాక చెరువుల్ని చంపుతాయి.

ఆ రాత్రే నన్ను మార్చారు. పరికరం పేరు చివరి వాక్యంలోకి వెళ్లింది. పైన అంతా రైతు చేయాల్సిన పనులు: పై నీటిని తూముల ద్వారా వదిలేయడం, మేత తగ్గించడం లేదా ఆపడం, ఏరేటర్లను ముందు జనరేటర్ మీద తిప్పడం, తెల్లవారుజామున డీవో చూసుకోవడం. మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన చదివి సరిచూశాడు. భీమవరం, ఏలూరు, కాకినాడ డెస్కులకు విడివిడిగా, పేరు పెట్టి, మర్నాడు మధ్యాహ్నం లోపలే వెళ్లాను. ఆక్వా రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి అదే పాఠం వెళ్లింది. పైసా ఖర్చు కాలేదు. చాలాచోట్ల నన్ను పట్టించుకోలేదు, తుపాను రోజుల్లో వాళ్ల పని వాళ్లకుంది. ఒక జిల్లా పేజీలో మాత్రం సింగిల్ కాలమ్‌లో, కంపెనీ పేరు కోసేసి, పనుల జాబితా మొత్తం వేశారు.

పేరు పోయిందని కుర్రాడు బాధపడ్డాడు. నాకేమీ అనిపించలేదు. ఆ పేజీ ఫొటోనే రైతులు గ్రూపుల్లో పంపుకున్నారు, దాని కింద నా అసలు పాఠం, ఫోన్ నంబరుతో సహా ఎవరో అతికించారు. ఫోన్లు వచ్చాయి. పరికరం బాగుందా అని కాదు వాళ్లు అడిగింది. ఎంతవుతుంది, పాడైతే ఎవరొస్తారు, టవర్ లేకపోతే ఫోను ఎలా మోగుతుంది అని.

వైర్ సర్వీసు జోలికే వెళ్లలేదని కాదు. తర్వాత పెట్టుబడి కోసం బెంగళూరు, సింగపూర్ వాళ్లతో మాటలు మొదలయ్యాక ఆమె ఇంగ్లీషు ప్రకటన ఒకటి రాసింది. దానికి పేరున్న సర్వీసునే ఎంచుకుంది. పంపేది ఎవరో రుజువు అడిగి, ఏ దేశంలో ఏ డెస్కులకు వెళుతుందో ముందే రాసిచ్చి, ధర దాచకుండా చెప్పిన సర్వీసు అది. పేరు వినగానే వెతికి చూసేవాళ్లకు తేదీతో సహా కనిపించే నమ్మకమైన రికార్డు కావాలి, ఆ పనికి అది సరిపోయింది. ఆ ప్రకటన నాకు చెల్లెలి లెక్క.

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు డెస్కుల కోసం ఇంకో నోట్ తయారవుతోంది. రైతులు ఫోనులో అడిగిన ఆ మూడు ప్రశ్నలకూ జవాబులు అందులో మొదటి పేరాలోనే ఉన్నాయి. ఒంగోలు డెస్కులో ఎవరిని అడగాలో బాబాయ్ కనుక్కుంటున్నాడు.